సొరబుర్రతో కొలిచి కొన్న కేకు మిషను

"ముందు గిన్నె సూడే. మిగతావన్నీ తరవాత. గిన్నె సూసి కొను," అన్నాడాయన.

"నువ్వు ముందు ఆ బురదకాళ్ళు కడుక్కో. అలికిన గుమ్మం," అన్నాను నేను.

అంతే. అవే మా ఆలుమగల ఆఖరి మాటలు. కాళ్ళు కడుక్కోలేదాయన. గుమ్మంలోంచి అలాగే వెనక్కి తిరిగి, నిచ్చెన భుజానేసుకుని, అంబలి పోసిన సొరబుర్ర చేత పట్టుకుని, మిరియాలు కొయ్యడానికి తోటకి పోయేడు. మధ్యాన్నానికి కబురొచ్చింది. చెట్టు మొదట్లో ఆనుకుని కూర్చున్నాడంట, కునుకు తీస్తున్నాడనుకున్నారంట. గుండె అన్నాడు డాక్టరు. బుర్ర పక్కనే ఉంది. సగం తాగి, మిగతాది ఒలిగిపోకుండా మూతి బిగించి మరీ పెట్టేడు.

ముప్పయ్యేళ్ళు ఒక పొయ్యి కాడ బతికినోళ్ళు చివర్లో ఏటి మాటాడుకుంటారో ఎవరికి తెలుసు. సినిమాలో అయితే చెయ్యి పట్టుకుంటారు. మాకు గిన్నే, బురదా దక్కేయి.

రాయే గుంటా, అలాగే రాయి. బాగులేదని మార్చకు. రాస్తున్నది మా తమ్ముడి కూతురు, అంగన్‌వాడీలో టీచరు. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు సగం వచ్చు, మిగతా సగం పక్కోళ్ళని అడుగుతాను. అందుకని నోరు నాది, చెయ్యి దీనిది.

ఇంతకీ ఆయన చెప్పిన గిన్నె ఏ గిన్నె అంటే, కేకుపిండి కలిపే మిషను గిన్నె.

మాది చింతపల్లికి పైన కాఫీతోటల ఊరు. చలికాలంలో పొగమంచు చూడ్డానికి కిందనుంచి జనం జీపులేసుకుని వస్తారు. మంచు చూస్తారు, వణుకుతారు, టీ అడుగుతారు. రోడ్డు మలుపులో మాకొక బడ్డీ ఉంది. టీతో పాటు చోడిపిండి కేకు, అదే మీరనే రాగిపిండిది, అమ్ముతాను. ఈ కేకు నాకెలా వచ్చిందంటే, ఎప్పుడో ట్రైనింగని చెప్పి ఊరాడోళ్ళందర్నీ కూర్చోబెట్టి నేర్పేరు. అందరం నేర్చుకున్నాం, భోజనం పెట్టేరు కాబట్టి. ఇంటికొచ్చి చేసింది మాత్రం నేనొక్కర్తినే. మొదట్లో డేగిసాలో ఇసక పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేదాన్ని. తరవాత కరెంటు ఓవెను వచ్చింది.

కాల్చడం సులువు. కొట్టడమే కష్టం. గుడ్లూ బెల్లప్పొడీ కలిపి నురగ తెల్లగా పొంగేదాకా కొట్టాలి. లేకపోతే చోడిపిండి బరువుకి కేకు లేవదు, అడుగున పడుకుండిపోద్ది. ఆ కొట్టే పని ఆయనది. అరుగు మీద గొంతుక్కూర్చుని, గిన్నె మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వెదురుపుల్లలు కట్టగా కట్టి ఆయనే చేసుకున్న చీపురులాంటి దాంతో గడగడా కొట్టేవోడు. కొట్టినప్పుడల్లా సగం లుంగీ మీదే. "కేకు లుంగీకి పెడతన్నావా, నాకు పెడతన్నావా," అని నేను తిట్టేదాన్ని. కొట్టే చెయ్యి ఆయనది, తిట్టే నోరు నాది. అలా నడిచింది యాపారం.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా ఊళ్ళో సగంమంది చర్చికి పోతారు, సగంమంది కొండదేవతకి మొక్కుతారు. మేం కొండదేవత వైపు. అయినా క్రిస్మస్ కేకు మాత్రం నాదే. పెద్ద రేకుపళ్ళెంలో చేసి చర్చి ముందు పెడితే, అటోళ్ళూ ఇటోళ్ళూ అందరూ వచ్చి తినాల్సిందే. ఎన్నేళ్ళ నుంచో అంతే.

ఆయన పోయేక కొట్టడం నా మీద పడింది. వానాకాలం వచ్చేసరికి కుడిభుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవదు. నా జుట్టు ముడి వెయ్యడానికి ఈ గుంట రావాలి, అదేమో ముడి వెయ్యమంటే అరగంట చిక్కులు తీస్తాది. ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చేత్తో ఇంక పిండి కలిపేవంటే, రేపు అన్నం కూడా కలుపుకోలేవు," అంది.

చట్నీ మిక్సీ ఉంది కదా, అందులో వెయ్యమన్నారు అందరూ. వేసేను. నురగ రాలేదు సరికదా, గుడ్లు వేడెక్కి వాసన తేలేయి. ఆ కేకు బడ్డీలో పెడితే ఒకాయన కొరికేడు, తీసి చూసుకున్నాడు, మళ్ళీ కొరికేడు. "అమ్మా, ఇది తినడానికా, తలుపుకి అడ్డం పెట్టడానికా," అన్నాడు. నిజంగానే పనికొచ్చేలాగుంది.

కార్తీకంలో పాస్టరుగారి భార్య వచ్చింది. మంచి మనిషి, మెత్తగా మాటాడుతాది. టీ తాగింది, నా భుజం నొక్కింది.

"పెద్దమ్మా, నీకు సెయ్యి బాగులేదు కదా. ఈ ఏడాదికి కేకు కిందన బేకరీలో సెప్పీమంటావా?"

"ఎవులన్నారు బాగులేదని?"

"నువ్వే గ్లాసు ఎడంసేత్తో ఇచ్చావు."

"అదా. అలవాటు సేసుకుంతన్నాను."

"పోనీ పండగ ఇంక నాలుగు రోజులుందనగా సెప్పు పెద్దమ్మా. అప్పటికి నీ వల్ల కాకపోతే బేకరీకి ఫోను సేసీగలను."

ఆమె వెళ్ళిపోయేక చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను. మొగుడు ఎలాగూ పోయేడు. చెయ్యి పోతోంది. కేకు కూడా పోతే ఇంక ఈ ఊళ్ళో నేనెవర్ని, టీ పోసే ముసల్ది. ఆయన బతికుండగా ఇద్దరం మిషను గురించి అనుకున్నదే. నాకు భుజం నొప్పి మొదలవకముందే ఆయనకి మోచెయ్యి నొప్పి మొదలైంది, అందుకే ఆ పొద్దున్న ఆ మాటొచ్చింది. అప్పుడు కొందామనుకున్నాం. ఇప్పుడిక కొని తీరాలనుకున్నాను.

మా ఊళ్ళో ఫోను పలకాలంటే పైన ఏనుగుబండ ఎక్కాలి. నేనూ ఈ గుంటా రెండు పొద్దులు ఆ బండ మీద కూర్చుని ఫోనులో మిషన్లు చూసేం. దీనికి ఎర్రది నచ్చింది. నిగనిగలాడిపోతోంది, పెళ్ళికూతురు ట్రంకుపెట్టెలాగ.

"అత్తా, దీనికి తొమ్మిది సామాన్లు ఫ్రీ."

"ఏటేటి?"

చూపించింది. మొదటిది కొంకి. రొట్టెపిండి పిసకడానికంట. కాఫీకొమ్మని కిందకి వంచడానికి మేం వాడే కొంకికర్ర మొనలాగే ఉంది. రెండోది చదునుగా, మధ్యలో ఈనె, పక్కన ఈనెలు, అచ్చంగా మేం విస్తళ్ళు కుట్టే అడ్డాకు. జారుపిండి కలపడానికి. మూడోది కోడిపిల్లల్ని మూసే గంపలాగ తీగలతో అల్లింది. గుడ్లు నురగ కొట్టడానికి. ఈ మూడూ నాకు ఒక్క చూపులో అర్థమయ్యేయి. తరవాతవి ఏటో. ఒకటి మాంసం కైమా కొడతాదంట. ఒకటి ఆ కైమాని పేగులో కూరతాదంట. ఒకటి నూడుల్సు దువ్వుతాదంట, ఒకటి ఐస్‌క్రీము.

"మనకి పేగులో కూరే పనేటే?"

"ఎప్పుడైనా అవసరం పడొచ్చు కదత్తా."

"ఏ అవసరం? సెప్పు. నిద్దట్లోంచి లేసి, అయ్యో పేగులో కూరలేదే అనుకుంటానా?"

అది మూతి ముడుచుకుంది. అప్పుడు నేను ఆయన మాట అడిగేను. గిన్నె ఎంత?

"ఏదో లీటర్లలో రాసేడు."

"లీటర్లు నాకెందుకు. ఆయన బుర్రతో ఎన్ని బుర్రలు?"

ఇక్కడ బుర్ర సంగతి చెప్పాలి. ఆయన తోటకి అంబలి పట్టుకెళ్ళే సొరబుర్రతో సరిగ్గా ఒక బుర్రెడు కలిపిన పిండి మా పెద్ద రేకుకి సరిపోద్ది. ఎప్పుడో ఆయనే కొలిచి చెప్పేడు. అప్పటినుంచి మాకు అదే కొలత. ఫోనులో బొమ్మకి బుర్ర ఏం తెలుసు. మేం సంతలో కుండ కొంటే వేలి కణుపుతో కొట్టి చూస్తాం, నీళ్ళు పోసి ఒక చుట్ట కాలేంతసేపు ఉంచి చూస్తాం, అప్పుడు బేరం. బొమ్మలో ఉన్నదాన్ని ఎలా కొట్టడం? కిందకి పోదాం పద అన్నాను.

బుర్రనిండా ఊటనీళ్ళు పట్టి భుజానికి తగిలించుకున్నాను. జీపులో ఈ గుంట నన్నే చూస్తోంది.

"ఆ బుర్రెందుకత్తా?"

"దాహానికి."

"నాకు దాహమేస్తంది. ఇయ్యి."

"వల్లకో. సుక్క తగ్గిందంటే ఊరుకోను."

అప్పుడే దీనికి అనుమానం వచ్చింది గాని, ఘాట్‌లో జీపు ఆగదు.

నర్సీపట్నంలో పెద్ద సామాన్ల కొట్టు. కొట్టాయన నా ఈడువోడే, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసం బల్లంతా వెతుకుతున్నాడు. మిషన్లు వరసగా నాలుగున్నాయి, ఫోనులో చూసిన ఎర్రది కూడా. ఆయన మర్యాదస్తుడు, అన్నీ విప్పి చెప్పేడు. కొట్టేది తన చుట్టూ తను తిరుగుతూ గిన్నె చుట్టూ కూడా తిరుగుద్దంట, అంచులకి అంటుకున్న పిండిని కూడా వదలదంట. పెళ్ళిలో కల్లు తాగిన మా చిన్నాన్న థింసా ఆడినట్టనుకున్నాను. ఈ గుంట వాట్లు అడిగింది, స్పీడులు అడిగింది, గ్యారంటీ అడిగింది. ఇద్దరూ వాట్లలో మునిగిపోయేరు.

నేను ఎర్రదాని గిన్నెని కణుపుతో కొట్టి చూసేను. రేకు పలచన, టంగుమంది. బుర్ర మూతి విప్పి నీళ్ళు పోసేను. సగం బుర్రకే అంచు దాటి బల్ల మీదకి, బల్ల మీదున్న పేపరు మీదకి, పేపరు కిందున్న ఆయన టిఫిను పొట్లం మీదకి పోయేయి.

"అమ్మా, అమ్మా, ఏం చేస్తన్నారు?"

"కొలుత్తన్నాను బాబూ. భయపడకు, కొండ ఊటనీళ్ళు. మీ కుళాయిలాటివి కావు."

"అది డెమో పీసండి."

"డెమోకే పోసేను. నానెక్కడ కొన్నాను ఇంకా."

ఈ గుంట ముఖం రెండు చేతుల్తో మూసుకుంది. ఈ ముక్క రాయడానికి ఇప్పుడు కూడా ఆగిపోయింది చూడు. రాయి.

కొట్టాయన పొట్లం దులుపుకుని, కోపం తెచ్చుకుందామనుకుని, నా బుర్ర వంక చూసి ఆగేడు. "ఎంత పట్టాలమ్మా మీకు," అన్నాడు.

"ఇది నిండుగా."

"సగంసగం రెండుసార్లు కలుపుకోవచ్చు కదత్తా," అంది ఇది, ఎర్రదాని మీద చెయ్యి వేసి.

"రెండో వాయి అయ్యేదాకా మొదటి వాయి నురగ నీకోసం నిలబడుద్దా? కూకుండిపోద్ది. అప్పుడు కేకు సగం లేసి, సగం పడుకుంటాది."

కొట్టాయన ఈసారి గట్టిగా నవ్వేడు. లోపలికి పోయి ఇద్దరు మనుషుల చేత ఒక బూడిదరంగు మిషను మోయించుకొచ్చేడు. నిగనిగ లేదు. ఎద్దు మూపులాగ ఉంది. మూడంటే మూడే సామాన్లు, కొంకీ అడ్డాకూ గంపా. ఇది ఎవరికీ నచ్చక లోపల పడుందన్నాడు. బరువుంటేనే మంచిదంట, తేలికవి గట్టిపిండి పడితే బల్ల మీద నడిచిపోతాయంట. నేను ముందు గిన్నెని కొట్టేను. ధుమ్మంది. నీళ్ళు నింపుకుని పోసేను. బుర్ర ఖాళీ అయింది. గిన్నెలో ఇంకా నాలుగు వేళ్ళ మేర ఖాళీ ఉంది.

"ఆ ఖాళీ ఉండాలమ్మా. లేకపోతే తిరిగేటప్పుడు చింది బట్టల మీద పడుద్ది," అన్నాడు కొట్టాయన.

ఆ మాటకి నేను బల్ల అంచు పట్టుకున్నాను. మా ఇంట్లో గిన్నె చిన్నది. ఆ చిన్నగిన్నెలో బుర్రెడు పిండి కొట్టమని మా ఆయనకిచ్చి, లుంగీ మీద పడిందని అన్నేళ్ళూ తిట్టేను. ఆయన ఎదురు చెప్పలేదు. ఆ రోజొక్కటే చెప్పేడు, ముందు గిన్నె చూడమని. నేను బురద చూసేను.

"అత్తా, కూకుంటావా?" అంది గుంట.

"నిలబడే కొంటాను," అన్నాను.

పక్కనున్న మీట ఎడంచేత్తో నొక్కేను. మిషను తల దానంతటదే పైకి లేచింది. గిన్నెకి పిడి ఉంది, అదీ ఎడంచేత్తో వచ్చింది. కుడిచెయ్యితో పనే లేదు. అదే ఇమ్మన్నాను. దారి పొడుగునా గుంట మాటాడలేదు. ఎర్రదాని కోసం కాదంట, ఆ కొట్టాయన టిఫిను కోసమంట.

మాకొక పద్ధతుంది. కొత్త పనిముట్టు ఇంటికొస్తే మెడలో పసుపుదారం కట్టకుండా పనిలో పెట్టం. నాగలికి కడతాం, గొడ్డలికి కడతాం, కాఫీపండు తొక్క తీసే మిషనుకి కూడా కట్టేం. కట్టేది మా బావ, ఆయన అన్న. ఊరికి దిసారి. మంచిరోజు చూసేదీ, దేవతతో మాటాడేదీ ఆయనే. ఆయన లెక్కలో మంచిరోజు సరిగ్గా పండగ ఇంక నాలుగు రోజులుందనగా పడింది. పాస్టరుగారి భార్యకి నేను మాట చెప్పాల్సిన రోజే. ఆమె కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది, చేతిలో ఫోనుంది. ఇక్కడ ఫోను పలకదని తెలిసినా పట్టుకుంది.

బావ కోడిని చంకన పెట్టుకుని వచ్చేడు.

"మామా, ఇది కరెంటు వస్తువు. దీని మీద రగతం సుక్క పడకూడదు," అంది గుంట.

"మరి దేవత ఊరుకుంటాదేటి?"

నేను మధ్యలో దూరేను. "బావా, కోడొద్దు. కోడి కడుపులోది ఇత్తాను. గుడ్డు కొట్టి గిన్నెలో వేత్తాను. ఎలాగూ కేకులోకే."

బావ ఆలోచించి ఒప్పుకున్నాడు. కోడి కూడా ఊపిరి పీల్చుకున్నట్టుంది. తరవాత మెడ ఎక్కడన్నది తేలలేదు. తల పైనుంది. నడుం ఉంది. మెడ ఏది? గుంట స్విచ్చు చూపించింది, పాస్టరుగారి భార్య వైరు చూపించింది. బావ చుట్టూ రెండుసార్లు తిరిగి, తల కింద వేలాడే ఇనపకమ్మి పట్టుకున్నాడు. సామాన్లు తగిలించేది దానికే.

"ఇదే మెడ. నోట్లోంచి దిగింది కదా," అన్నాడు.

నోట్లోంచి మెడ ఎలా దిగుద్దని ఎవరూ అడగలేదు. మంచి పని జరుగుతున్నప్పుడు అడక్కూడదు. దానికే మూడుపేటల దారం చుట్టి, మూడుముళ్ళేసి, రెండు జానల కొస వదిలేడు. దాని మీదే నేను గంపని తగిలించేను. గిన్నెలో గుడ్లూ బెల్లప్పొడీ వేసేను. గుంట స్విచ్చేసింది.

మిషను గుర్రుమంది. గంప ఒక చుట్టు తిరిగింది, అర చుట్టు తిరిగింది, ఆగిపోయింది. లోపల మూలుగుతోంది. పసుపు మాడిన వాసనొచ్చింది.

"ఆపే," అన్నాను. ఆపింది.

బావ మెల్లిగా, "కోడి అడుగుతంది. నాను ముందే సెప్పేను," అన్నాడు. గుంట మిషను పుస్తకం తిరగేసింది. "ఇందులో దారం గురించి ఏటీ రాయలేదు," అంది. పాస్టరుగారి భార్య లేచి నిలబడింది. "పెద్దమ్మా, నువ్వు బాదపడకు. నాను ఏనుగుబండ ఎక్కి బేకరీకి ఫోను సేసీసి వచ్చేత్తాను," అంది.

"కూకో," అన్నాను. గొంతు పెద్దదైపోయినట్టుంది, కోడి కూడా కూర్చుంది.

ప్లగ్గు పీకించి, ఎడంచేత్తో తల ఎత్తేను. గంప ఊడదీసేను. చూస్తే దారం కొసలు గంప తీగల్లోకి పోయి, కమ్మికి బిగుసుకుని ముద్దకట్టుకుని ఉన్నాయి.

"బావా, దేవత ఏటీ అడగలేదు. ఇది నీ దారమే."

"పనిముట్టుకి దారం లేకుండా ఎలాగ మరదలా?"

తలలో పిన్ను తీసి ఆ చిక్కు విప్పడం మొదలెట్టేను. ఒంటిచేత్తో, చాలాసేపు పట్టింది. నా జుట్టు చిక్కు తియ్యడానికి గుంట పడే కష్టం అప్పుడు తెలిసింది, కాని దానికి చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. దారం ఊడింది. తెగలేదు. దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు.

"దీని మెడ నాకు తెలుసు," అని, గిన్నె పిడికి కట్టమన్నాను. ఆయన ముందు గిన్నెనే చూడమన్నాడు కదా. బావ నా ముఖం చూసేడు. ఈసారి కొస వదలకుండా కట్టేడు.

మిషను చల్లారేదాకా ఆగి మళ్ళీ స్విచ్చేసేం. ఈసారి గంప తిరిగింది. గుడ్లు పచ్చగా, తరవాత లేతగా, తరవాత తెల్లగా పొంగి పైకొచ్చేయి. గంప తీసి అడ్డాకు పెట్టి, చోడిపిండి వేసి నెమ్మదిగా తిప్పించేను. బుర్రెడు పిండి. బయట ఒక్క చుక్క పడలేదు. తిట్టడానికి నోరు తెరిచేను, అలవాటు. ఎవర్ని తిట్టాలి? అరుగు మీద ఆయన కూర్చునే చోట బావ కోడి కూర్చునుంది. దాన్నే రెండు తిట్లు తిట్టేను.

పాస్టరుగారి భార్య ఫోను కొంగులో దోపుకుంది.

పండగనాడు పెద్ద రేకు చర్చి ముందు పెట్టేం. అందరూ తిన్నారు. పాస్టరుగారి భార్య రెండో ముక్క తీసుకుని, "పెద్దమ్మా, ఈ ఏడాది మెత్తగా వచ్చింది," అంది.

"అంటే ఆయన కొట్టినప్పుడు గట్టిగా ఉండేదా?"

ఆమె ఉలిక్కిపడి, లేదు లేదంది. బావ మాత్రం నములుతూ, "ఉండేది. తమ్ముడి కేకు తింటే పండగెల్లిపోయినా దవడ నొప్పి ఉండేది," అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేను. ఉండేది, నిజమే. లుంగీ మీద సగం పోతే కేకు ఇంకెలా లేస్తాది.

కొంకి ఇంకా వాడలేదు. బన్నులు చేద్దాం అంటోంది గుంట, చూద్దాం. అప్పటిదాకా అరుగు గోడకి, ఆయన కొంకికర్ర పక్కనే తగిలించేను. బుర్ర కూడా అక్కడే ఉంది.

ఎంత రాసేవే గుంటా? అంతా అయిందా? అయితే ఓపాలి సదువు. ముందునుంచి, ఆయన గుమ్మంలో నిలబడ్డ కాణ్ణుంచి సదువు. నాను కాళ్ళు కడుక్కోమన్న మాట కూడా వదలకుండా సదువు. నెమ్మదిగా సదువు, బేగి సదవకు.